మూడాకుల తీగ

భద్రాచలం దగ్గర గోదారి డెబ్బై అడుగులు దాటిన ఏడు ఇది జరిగింది. నీళ్ళు తీసి నెల కాలేదు. ఇంట్లో బియ్యం ముక్కిపోయాయి. మామూలుగా ఆకు రాలాక తవ్వే అడవి గడ్డలను ఆ ఏడు పచ్చి తీగ ఉండగానే తవ్వుకున్నాం.

మా తమ్ముడు బొజ్జయ్య కోడలు పూలి గడ్డలు తెచ్చి ఉడకబెట్టింది. ముందు మామకు పెట్టింది. ఆమె ఇంకా తినకముందే అతనికి వాంతులు పట్టుకున్నాయి. మంచం మీద మోసి, ఊరి చివరి సర్కారు దవాఖానాకు తెచ్చాం.

డాక్టరమ్మ శ్యామల అతని కనురెప్పలు ఎత్తి చూసింది. “ఏం తిన్నడు?”

“ఐదాకుల గడ్డ మేడం,” అంది పూలి. “ఒక్క ఉడుకుకే తినేది.”

“మూడాకులది కాదు గద?” అన్నాను.

రెండూ ఒకే తీరుగా పాకుతాయి. ఐదాకులది ఉడికితే చాలు. మూడాకులదాన్ని ముక్కలు కోసి ఉడికించి, గంపలో కట్టి, చేదు పోయేదాకా వాగునీళ్ళలో ఉంచాలి; అప్పుడు అదీ తిండే. అలా చేయకుండా తింటే మనిషి తూలతాడు. తర్వాత కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాడు.

“చేదు తెల్వలేదారా నీకు?”

“పొగాకు నమిలి నమిలి నాలిక ఎప్పుడో సచ్చిందే అన్నా,” అన్నాడు బొజ్జయ్య. మాట ముద్దగా వచ్చింది. నవ్వబోయి మళ్ళీ కక్కాడు.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. “వరదనీళ్ళ వాంతులు రోజూ వస్తున్నయి పెద్దాయనా. గవే అయితే సెలైన్ చాలు, కదిలించొద్దు. కల్వర్టు కొట్టుకపోయింది, గతుకుల్ల చుట్టు తిరిగి పోవాలె. గడ్డ విషమైతే మాత్రం ఫిట్స్ రాకముందే ఖమ్మం చేర్చాలె. రెండిట్ల ఏదో చెప్పు.”

పూలి ఇంటికి పరుగెత్తి, పెరట్లో పడున్న తీగ కొసను పట్టుకొచ్చింది. ఆకులు మూడేసి ఉన్నాయి.

“ఇగో, మూడే!” అంది డాక్టరమ్మ.

“కొస చూసి చెప్పలేం. ఐదాకులది గూడ కొసకు మూడే ఏస్తది. మొదలు చూడాలె.”

“జల్దీ చూసి రా మరి. అంబులెన్స్ తయారుగ పెడ్త. ఆయన చెయ్యి వణికిందంటే నీ కోసం ఆగ.”

పూలి తవ్విన చోటు వాగు గట్టు మీద. ఆమె ముందు పరుగెత్తింది. ఒండ్రులో నా కాళ్ళు దిగబడుతున్నాయి.

“నేను లెక్కబెట్టిన పెద్దమామా. ఐదే ఉన్నయ్. నా కండ్లతోని సూసిన.”

నేను ఒండ్రులోంచి కాలు పీకి ముందుకేశాను.

“ఏమన్న అనరాదు! తిట్టు!”

“నడువు.”

గట్టు మీద ఒకే టేకు మొక్కను రెండు తీగలు పెనవేసుకుని ఉన్నాయి. ఒకటి పచ్చగా ఉంది. దాని మొదట్లో ఐదేసి ఆకులు. రెండోది వాడి వేలాడుతోంది. వాడింది కోసిన తీగే. దాన్ని కింది నుంచి పైదాకా తడిమి చూశాను. మూడు. మూడు. మూడు.

పూలి కన్ను ఒక తీగ వెంట పోయింది, చెయ్యి ఇంకో తీగ వెంట దిగింది.

గడ్డ తవ్వినవాళ్ళు తీగ మొలిచే మెడ ముక్కను మళ్ళీ గుంతలో పెట్టి కప్పుతారు. పూలి కూడా కప్పింది. మన్ను తోడి ఆ ముక్క తీశాను. నాలుక కొనకు తాకించాను. మంట. ఉమ్మేశాను.

“ఫోన్ కొట్టు. మూడాకులదే అను.”

సిగ్నల్ లేదు. పూలి గట్టు వెంట పరుగెత్తింది. బండ ఎక్కింది. ఫోన్ నెత్తి మీదికెత్తి చూసింది. మళ్ళీ చెవికి పెట్టుకుంది.

“మూడాకులదే మేడం! అవ్, మూడే!”

ఆ అరుపుకు వాగు అవతలి కొంగలు లేచాయి.

మేం చేరేసరికి బొజ్జయ్యను అంబులెన్స్ ఎక్కించారు. చేతి వేళ్ళు వణుకుతున్నాయి. పూలి పక్కన ఎక్కి ఆ చెయ్యి పట్టుకుంది.

డాక్టరమ్మ చీటీ రాస్తూ, “పేరేందని రాయాలె?” అంది.

“మూడాకుల గడ్డ.”

సెల్లులో వెతికింది. “పుస్తకంల దీనికి వేరే పేరుంది. ఆ రెండోదాన్ని మాత్రం పుస్తకం రాసినోళ్ళు గూడ ఐదాకులదనే అన్నరు.”

వాళ్ళూ మొదలు చూసే ఆ పేరు పెట్టి ఉంటారు. బండి పోయింది. నేను మెట్ల మీద కూర్చున్నాను.

తెల్లారి పూలి ఫోన్ చేసింది. “కండ్లు తెరిసిండు పెద్దమామా. పొగాకు అడుగుతుండు.” కాసేపు ఏడ్చింది. “ఆ తీగను పీకి పారెయ్యి.”

“ఊఁ,” అన్నాను.

వాగు గట్టుకు పోయాను. మెడ ముక్కను గుంతలో పెట్టి మన్ను కప్పాను. ఐదాకుల తీగను టేకు మొక్క నుంచి మెల్లగా విప్పి, కాస్త ఎడంగా వెదురు బొంగు పాతి, దానికి ఎక్కించాను.