బెంచీ మీది కొడుకు

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మా మామగారికి ఆ సామెత పనికిరాదు, ఆయన్ని బతికుండగానే అందరూ పొగిడారు. పగలు నీటి సరఫరా ఆఫీసులో ఉద్యోగం, సాయంత్రం గ్రౌండులో పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పడం, అదీ పైసా తీసుకోకుండా. ఎంత పొద్దుపోయినా ఇంటికొచ్చి మా అందరితో కలిసే తినేవారు. ఆటగాళ్ళ చొక్కాలు ఉతికేది ఆయనే, నాకు జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసిందీ ఆయనే. అంత మంచివాడికి మా ఆయన పుట్టాడు.

మా ఆయన చెడ్డవాడేం కాదు. కళ్ళజోళ్ళ షాపులో పని, మందు ముట్టడు, చెయ్యెత్తడు. ఉన్న రోగం ఒకటే. ఏది చేజారినా "నాన్న నన్ను ఆడనిచ్చి ఉంటే నా బతుకే వేరుగా ఉండేది" అంటాడు. షాపులో మేనేజరు పోస్టు తనకన్నా చిన్నవాడికి ఇచ్చారా, అదే మాట. కూరలో ఉప్పెక్కువైందా, కాస్త అటూ ఇటూ తిప్పి మళ్ళీ అదే మాట. వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డాయి.

సంగతేమిటంటే, మామగారి జట్టులో ఒక నియమం ఉండేది. కోచ్ కొడుకు బెంచీ మీదే కూర్చోవాలి. "నా కొడుకుని ఆడిస్తే రేపు నలుగురూ నన్ను వేలెత్తి చూపిస్తారు" అనేవారట. అలా బడి చదువంతా మా ఆయన మట్టంటని బూట్లతో గీత ఇవతలే కూర్చున్నాడు. ఇంతటి న్యాయమూర్తి ఎక్కడైనా ఉంటాడా అని చూసినవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు.

పెళ్ళైన కొత్తలో ఒకరోజు మా ఆయన బీరువా తాళాలు అడిగాడు. నేను మంచం దగ్గర్నుంచి "ఇదుగో" అని గుత్తి విసిరాను. రెండు చేతులతో మొహం కప్పేసుకున్నాడు. గుత్తి నేల మీద పడ్డాక వేళ్ళ సందుల్లోంచి చూశాడు. ఆ రోజే నాకు అర్థం కావలసింది అర్థమైంది. నోరు మూసుకున్నాను. కాపురం చెయ్యాలి కదా.

మామగారు పోయాక పాత శిష్యులంతా చేరి ఒక సంస్మరణ సభ, దానికి ముందు గ్రౌండులో ఒక మ్యాచ్ అనుకున్నారు. పిలవడానికి ఇంటికొచ్చినవాడు ఒకప్పటి కెప్టెను, ఇప్పుడు పళ్ళ డాక్టరు. అత్తగారు అతన్ని కూర్చోబెట్టి అసలు సంగతి మొదలెట్టారు.

"పిల్లలందరికీ తండ్రయ్యాడు మీ సారు. కన్నకొడుక్కి మాత్రం రిఫరీ అయ్యాడు. ఆ ఒక్క తప్పూ మీరు దిద్దాలి. నా కొడుకు ఆడితేనే నేను వచ్చేది. లేదంటే నా కుర్చీ ఖాళీగా ఉంచుకోండి."

డాక్టరు నీళ్ళు నమిలాడు. "పెద్దమ్మా, సార్ నియమం..."

"సారే లేడు, ఇంక నియమమేంటి నాయనా?"

మా ఆయన కొత్త బూట్లు కొన్నాడు. పడకగదిలోనే అవి తొడుక్కుని అటూ ఇటూ నడిచేవాడు. అద్దం ముందు పక్కకి తిరిగి పొట్ట లోపలికి పీల్చుకునేవాడు. మ్యాచ్ అయ్యేదాకా ఆ దిక్కుమాలిన మాట ఒక్కసారి కూడా అనలేదు. నవ్వుతూ తిరిగే మొగుణ్ణి చూడ్డం నాకూ బాగానే ఉంది, అబద్ధమెందుకు.

మ్యాచ్ రోజు మొదటి సగం మా ఆయనకి బెంచీ మీదే గడిచింది. రెండో సగం కూడా అయిపోవస్తోంది. అత్తగారు కుర్చీలోంచి లేచి, తెల్లగీత దాటి, ఆట మధ్యలోకి నడిచారు. రిఫరీ విజిల్ వేశాడు. విజిల్‌కి ఆగే మనిషైతే కదా ఆవిడ.

"నా కొడుకెప్పుడు?" అని గట్టిగా అడిగారు.

జనం చప్పట్లు కొట్టారు. డాక్టరు చేసేది లేక ఒకణ్ణి బయటికి పిలిచి, మా ఆయన్ని గోల్‌కీపరుకి కాస్త ముందు నిలబెట్టి, "ఇక్కణ్ణుంచి కదలకు" అన్నాడు.

పాపం, కదల్లేదు. బంతే వచ్చింది. ఎత్తుగా, నిదానంగా, ముసలివాళ్ళైనా ఆపగలిగేలా వచ్చింది. మా ఆయన రెండు చేతులతో మొహం కప్పేసుకున్నాడు. బంతి మోచేతులకి తగిలింది. చేతికి తగిలిందని అవతలివాళ్ళకి పెనాల్టీ ఇచ్చారు, గోలు పడింది, ఆట అయిపోయింది. అందరూ నవ్వారు. ఎగతాళి కూడా కాదు, మనవాడేలే అని నవ్వే నవ్వు. అదే నాకు ఎక్కువ మండింది.

అక్కడితో ఊరుకున్నా పోయేది. సభలో డాక్టరు మైకు అందుకున్నాడు.

"సార్ ఎంత గొప్ప తండ్రో ఇవాళ చెప్పి తీరాలి. మా చేత ఒట్టేయించుకున్నారు. 'మావాడికి బంతంటే భయంరా. ఆ సంగతి వాడికి తెలియకూడదు. నియమమని చెబుతాను. తిట్టుకుంటే నన్ను తిట్టుకోనీ, వాడు మాత్రం తలెత్తుకు తిరగాలి' అన్నారు. పోయేదాకా కొడుకు చేత మాటలు పడ్డారు, నిజం మాత్రం బయటపెట్టలేదు. అదీ తండ్రంటే!"

పళ్ళ డాక్టరు కదా, మత్తివ్వకుండానే పీకేశాడు. ఇందాక నవ్వినవాళ్ళే ఇప్పుడు కళ్ళు తుడుచుకున్నారు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. మోచేతుల మీద మట్టితో మా ఆయన కూడా లేచి కొట్టాడు.

కొన్నాళ్ళకి షాపులో మళ్ళీ ఒక పోస్టు వచ్చింది, మళ్ళీ ఇంకెవరికో పోయింది. మా ఆయన ఇంటికొచ్చి సోఫాలో కూర్చున్నాడు. నేను ఆ మాట కోసం చూశాను. రాలేదు.

"నాకు చేతకాదు. అందుకే ఇవ్వలేదు" అన్నాడు.

ఇన్నేళ్ళు ఆ పాత మాట ఆగితే చాలనుకున్నదాన్ని, ఇది వినలేకపోయాను. "మీ నాన్న మిమ్మల్ని ఆడనిచ్చి ఉంటే..." అన్నాను, నేనే.

తలెత్తి నా మొహంలోకి చూశాడు. "నీకూ ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"తాళాలు విసిరినప్పట్నుంచి."

మెల్లగా తలాడించాడు. "అమ్మకి?"

నేను చెప్పేలోపే బాల్కనీలోంచి అత్తగారు వచ్చారు. చేతుల్లో బూట్లు. మట్టంతా గీకి, తుడిచి, కొత్తవాటిలా చేశారు.

"ఆ పళ్ళ డాక్టరు ఒట్టి అబద్ధాలకోరు. జట్టు ఓడిపోతే నెపం నా కొడుకు మీదకి తోశాడు. తొలిసారి కదరా, ఎవరికైనా చేతులు అడ్డొస్తాయి. వచ్చే ఏడాది మొదట్నుంచీ నువ్వే ఆడుతున్నావు. ఫోన్ చేసి చెప్పేశాను."

ఇంట్లో మా ఆయన్ని నమ్మిన మనిషి ఆవిడొక్కరే. మా ఆయన ఆమె వైపు చూసి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆవిడ మురిసిపోయారు.

"ఇదుగో, పట్టుకో" అని ఒక బూటు విసిరారు.

అది నేల మీద పడ్డాక కూడా మా ఆయన మొహం మీంచి చేతులు తియ్యలేదు. అత్తగారు రెండో బూటు పట్టుకుని అక్కడే నిలబడిపోయారు.