తలుపుకు అడ్డం పెట్టిన కప్పు

ఆ ఇంట్లో కుక్కరుకు కూడా భయమే. రెండో కూత వెయ్యబోతుండగానే అమ్మ పరుగున వచ్చి పొయ్యి కట్టేసేది. నాయనమ్మకు దగ్గొస్తే వీధి గుమ్మంలోకి వెళ్లి దగ్గాలి. కాలింగ్ బెల్లు వైరు పీకేసి చాలాకాలమైంది. లోపలి గదిలో ఫస్టు చదువుకుంటోంది మరి.

ఆ పిల్లకు కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది. బళ్లో చేరిన నాటి నుంచీ మొదటి స్థానం వదలకపోవడంతో వీధి వీధంతా ఫస్టు అనే పిలిచేది. పదిహేడేళ్ల పిల్లకు ఆ పేరు ఎంత బరువో పిలిచేవాళ్లకేం తెలుసు?

పెద్ద పరీక్ష దగ్గరపడేకొద్దీ ఫస్టు కాలు కాలిన పిల్లిలా తిరగసాగింది. వంటింట్లోకి వచ్చి మంచినీళ్లు తాగుతుంది. గ్లాసు కింద పెట్టి మళ్లీ తీస్తుంది. ఊరికే అమ్మ వెనకాల నిలబడుతుంది.

"ఏం కావాలే?"

"ఏం లేదు."

"ఒంట్లో బాగానే ఉందా?"

"బానే ఉన్నా."

"అయితే వెళ్లి చదువుకో తల్లీ. టైం పోతోంది."

వెళ్లేది. తలుపు వెయ్యకుండా వదిలేసేది. అమ్మ వెనకే వెళ్లి చప్పుడు కాకుండా మూసి వచ్చేది. అదీ ప్రేమే, కాదనను. ఆ తల్లిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. మూసిన తలుపును చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది.

ఆఫీసులకూ పాటలు రికార్డు చేసే గదులకూ బయటి చప్పుడు చొరబడకుండా పలకలు బిగించడం నాన్న పని. "గోడలకి చెవులుంటాయంటారు కదా, నేను వాటిలో దూది కుక్కేవాణ్ని" అని అందరినీ నవ్వించేవాడు. కూతురు కుదురుగా కూర్చోలేకపోతోందని భార్య చెప్పగానే వీధి రొదే కారణమని తేల్చేశాడు. ఎవరికి తెలిసిన వైద్యం వాళ్లకు గొప్ప. ఒక ఆదివారం పొద్దంతా కష్టపడి గోడలకు మెత్తటి పలకలు, తలుపుకు దట్టమైన బోర్డు, అంచుల చుట్టూ రబ్బరు బిగించాడు. వదిలేస్తే దానంతటదే మూసుకునేలా పైన ఒక స్ప్రింగు కూడా పెట్టాడు.

"ఇక పక్కింటి గోడ పడగొట్టినా నీకు వినబడదు" అన్నాడు గర్వంగా.

"మరి నేను..." అని ఏదో అనబోయి ఆగింది ఫస్టు. "థాంక్స్ నాన్నా" అంది.

మర్నాటి నుంచి కొత్త గొడవ మొదలైంది. హాల్లో అద్దాల బీరువాలో ఉండాల్సిన పెద్ద కప్పు, బడిలో అందరికంటే బాగా చదివినందుకు ఇచ్చినది, గది గుమ్మంలో నేలమీద కనిపించింది. తలుపు దాన్ని ఆనుకుని సగం తెరిచి ఉంది.

"బుద్ధుందా? కప్పును కాళ్ల దగ్గర పడేస్తావా?" అంటూ అమ్మ దాన్ని తుడిచి బీరువాలో పెట్టేసింది. తలుపు మూసుకుపోయింది. మరునాడు కప్పు మళ్లీ గుమ్మంలోనే ఉంది. అమ్మ మళ్లీ తీసింది. రోజూ ఇదే తంతు. ఎందుకిలా పెడుతున్నావని ఒక్కరైనా అడిగితే ఒట్టు.

నాయనమ్మకు చెవి దగ్గర గట్టిగా చెబితే తప్ప వినబడక చాలాకాలమైంది. అందరూ నమ్మిన "బానే ఉన్నా" అనే మాట ఆవిడ చెవిన పడలేదు. ఒక మధ్యాహ్నం ఆ కప్పు దాటుకుని లోపలికి వెళ్లి మంచం మీద చేరగిలబడింది. కునుకు తీసి లేచినా మనవరాలి ముందు అదే పేజీ ఉంది. ఎడమ కనుబొమ సగం లేదు. మిగిలిన వెంట్రుకలను పిల్ల ఒక్కొక్కటే పీకుతోంది.

సాయంత్రం కొడుకు చెప్పులు విప్పకముందే "పిల్ల బాలేదురా" అంది.

"అడిగానమ్మా. బానే ఉన్నానంది" అన్నాడాయన చెవి దగ్గర వంగి.

"నువ్వు అడిగి విన్నావు. నాకు వినబడదు కాబట్టి చూశాను. నువ్వూ వెళ్లి చూడు."

వెళ్లి చూశాడు. ఇన్నాళ్లూ ఏం చూశానా అనిపించింది. "ఏమైందమ్మా?" అన్నాడు.

ఫస్టు తలెత్తలేదు. "నువ్వు తలుపు బిగించిన రాత్రే ఊపిరాడలేదు నాన్నా. చేతులు వణికిపోయాయి. గట్టిగా అరిచాను. అందరూ ఇంట్లోనే ఉన్నారు. ఎవరూ రాలేదు."

నాన్న తలుపు అంచున తను బిగించిన రబ్బరును తడిమి చూశాడు. తను చేసిన పనిలో చిన్న లోపమైనా ఉండి ఉంటే బావుండేదని జీవితంలో మొదటిసారి అనుకున్నాడు.

"రెండో స్థానం వస్తే నన్నేమని పిలుస్తారు? పరీక్ష దాకా బతికుండకపోతే బావుండుననిపిస్తోంది. అలా అనిపిస్తోందని ఇంకా భయమేస్తోంది. అందుకే కప్పు పెడుతున్నాను. అమ్మ తీసేస్తోంది."

గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న అమ్మ అక్కడే కూలబడిపోయింది.

ఆ రోజు నాయనమ్మ పక్క ఆ గదిలోకే మారింది. తెల్లవారగానే అందరూ మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లారు. ఆవిడ పిల్లతో విడిగా చాలాసేపు మాట్లాడింది. తర్వాత పెద్దవాళ్లను పిలిచింది.

"పరీక్షలకల్లా తగ్గిపోతుందా డాక్టరుగారూ?" అంది అమ్మ. అనేసి నాలుక కరుచుకుంది.

"కాలు విరిగిన పిల్లను పరుగుపందెం ఎప్పుడని అడుగుతామా అమ్మా?" అంది డాక్టరు. "ఇదీ జబ్బే. వైద్యం ఉంది. టైం పడుతుంది. బాగా చదివే పిల్లలకి ఇలాంటివి రావనుకుంటాం. వస్తాయి. కాకపోతే వాళ్లు దాచడం కూడా బాగా నేర్చుకుంటారు. చచ్చిపోవాలనిపిస్తోందని పిల్ల నోరు తెరిచి చెప్పిందంటే సాయం అడుగుతోందని అర్థం. ఒంటరిగా వదలకండి."

ఇంటికి రాగానే నాన్న స్టూలెక్కి స్ప్రింగు విప్పేశాడు. రబ్బరు పీకేశాడు. అయినా ఆ బోర్డు బరువుకు తలుపు మెల్లగా మూసుకోబోయింది. అలవాటుకొద్దీ అమ్మ చెయ్యి గడియ మీదకు వెళ్లింది. అక్కడే ఆగిపోయింది. ఆవిడ హాల్లోకి వెళ్లి, బీరువాలోంచి కప్పు తీసుకొచ్చి, వంగి తలుపుకు అడ్డం పెట్టింది.

"ఎలా ఉన్నావే?" అంది కూతురి పక్కన కూర్చుంటూ.

"బాలేదమ్మా."

అమ్మ చదువు మాట ఎత్తలేదు. వంటింట్లో కుక్కరు కూతలు వేస్తూనే ఉంది. ఆవిడ లేవలేదు.

మార్కులు మాత్రమే వినే ఇంట్లో పిల్లలు "బానే ఉన్నా" అనే అంటారు. "బాలేదు" అన్నా తలుపు మూసుకోని ఇంట్లో వాళ్లు బతుకుతారు.