పటేలు ఇంటి ముందర మైకు

తాండూరు బజారులో మైకు సెట్టు అద్దెకిచ్చే ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఉప్పూ పప్పూ అమ్ముకునే ఇంట్లో పుట్టి ఈ వైర్ల గొడవేమిటని మావాళ్లు ఆడిపోసుకున్నారు. ఆడిపోసుకోనీ, నాకేం? దుకాణం పేరుకు మా ఆయన నాగేశ్వర్‌ది. మనిషి బంగారమే, కాకపోతే ఎవరైనా పెద్దమనిషి దగ్గితే చాలు, లేచి నిలబడతాడు. అందుకే ఊళ్లకు సెట్టు వేసుకుని నేనే పోతాను.

అరవై ఏడు ఎండాకాలంలో ధారూర్ అవతలి పల్లె నుంచి బిచ్చయ్య వచ్చాడు. గొర్లు కాసుకునే మనిషి. కూతురు భీమమ్మ పెళ్లి కుదిరిందని, పిల్లను అత్తవారింటికి సాగనంపే నాడు ఇంటి దగ్గర నుంచి ఊరి పొలిమేర దాకా మైకు మోగాలని చెప్పాడు. దారిలో పటేలు ఇల్లుందని కూడా చెప్పి తల దించుకున్నాడు. ఆ ఇంటి ముందు బిచ్చయ్యవాళ్ల పెళ్లిళ్లలో డప్పు ఆగాలి, చెప్పులు చేతికి రావాలి, పెళ్లికూతురు బండి దిగి నడవాలి. ఏ కాగితంలోనూ రాసి లేదు. నవాబు పోయి, పోలీసు యాక్షన్ అయి, ఓట్లు కూడా వచ్చాయి, ఆ వీధిలో మాత్రం డప్పు ఆగుతూనే ఉంది.

అతని వెనక నిలబడ్డ భార్య బుగ్గమ్మ ఉన్నట్టుండి ముందుకొచ్చింది.

"రజాకార్ల జమానాల నేను పెండ్లయి గా ఊరికొస్తుంటె, నన్ను బండి దించిన్రు సుమిత్రమ్మా. చెప్పులు చేతుల వట్టుకొని, తలకాయ ఒంచుకొని నడిచిన. నా బిడ్డ గట్ల పోవద్దు."

అంతే. ఆ మాటకు ఇంక బేరం ఏముంటుంది? వస్తానని మాటిచ్చాను.

వారం తిరగకముందే పటేలు మనిషి ఈరయ్య మా దుకాణానికి వచ్చాడు. ఒకప్పుడు లారీ నడిపినవాడు, ఇప్పుడు పటేలు ఏం చెబితే అది చేస్తాడు. బల్ల మీద కూర్చుని తేనె పూసినట్టు మాట్లాడాడు. పటేలు ఎవరినీ వద్దనలేదట. అయితే సెట్లు నాజూకు సామాన్లు, పల్లె బాటలు గతుకులు, ఏదైనా కాలిపోతే జిమ్మేదారీ ఎవరిదని అడిగాడు. ఆ తర్వాత అటువైపు ఊళ్ల నుంచి మా గడప ఎవరూ తొక్కకపోవచ్చని కూడా అన్నాడు. మా ఆయనకు చెమటలు పట్టాయి. సెట్టు రిపేరుకు పోయిందని చెబుదామని నా చెవిలో గొణిగాడు. నాకు ఒళ్లు మండింది.

"పటేలుకు చెప్పు ఈరయ్యా," అన్నాను మా ఆయన కూడా వినేటట్టే. "సెట్టు వస్తది. నేనే తెస్త."

అన్నానే గానీ, కాలిపోతే అన్న మాట లోపల గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకంటే మా సెట్టు అంతకుముందు ఒకసారి కాలింది. వాల్వుల సెట్టు తీసేసి కొత్తగా ట్రాన్సిస్టర్లది కొన్న రోజులవి. ఒక పెళ్లిలో మా ఆయనగారే హడావిడిలో బ్యాటరీ తీగలు తారుమారు చేసి స్విచ్చి వేశాడు. రెప్పపాటులో కమురు వాసన. పెళ్లివాళ్లు మమ్మల్ని తిట్టిన తిట్లు వికారాబాద్ దాకా వినబడి ఉంటాయి. ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని రైలెక్కి హైదరాబాద్ పోయి, కోఠీలో ఒక రేడియో మెకానిక్ సాబ్ ముందు పెట్టాను.

ఆయన కాలినవి మార్చి, బ్యాటరీ నుంచి వచ్చే ఎర్ర తీగ మధ్యలో చింతగింజంత ముక్కను అతికాడు. డయోడ్ అన్నాడు. ఏం చేస్తుందని అడిగాను. ఆడదానికెందుకు అనకుండా విడమరిచి చెప్పాడు, పుణ్యాత్ముడు. అది సిలికాన్ ముక్కట. ఒక సగంలో ఒక రకం కల్తీ, రెండో సగంలో ఇంకో రకం కల్తీ, రవ్వంతలో రవ్వంత కలుపుతారట. దాంతో ఒకవైపు కరెంటును మోసే కణాలు ఎక్కువ, రెండోవైపు వాటికి ఖాళీ చోట్లు ఎక్కువ. రెండూ కలిసే అంచున ఒక అడ్డు ఏర్పడుతుంది. బ్యాటరీని సరిగా కలిపితే ఆ అడ్డు సన్నబడి కరెంటు సాగుతుంది. తలకిందులుగా కలిపితే అడ్డు ఇంకా వెడల్పై, కరెంటు గడప దాటదు.

నాకు మా దుకాణం వెనక తలుపు గుర్తొచ్చింది. అది బయటికే తెరుచుకుంటుంది. లోపలి నుంచి కాస్త నెడితే చాలు, తెరుచుకుంటుంది. బయట నుంచి ఎంత నెడితే అంత గట్టిగా చట్రానికి అతుక్కుంటుంది. మరీ లారీతో గుద్దితే విరుగుతుంది గానీ, పన్నెండు వోల్టుల బ్యాటరీకి అంత బలం లేదని సాబ్ నవ్వాడు. మా దుకాణంలో బ్యాటరీలు ఛార్జి చేసే పెట్టెలోనూ ఇలాంటివే ఉన్నాయన్నాడు. స్తంభం మీది కరెంటు ముందుకూ వెనక్కూ ఊగుతూ వస్తుంది, బ్యాటరీకి ఒక దిక్కుదే కావాలి, వెనక్కి పోయేదాన్ని ఇవి ఆపుతాయి. రేడియోలో గాలిలో వచ్చిన తరంగం నుంచి పాటను విడదీసేది కూడా డయోడేనట. ఈ ముక్క వోల్టేజీలో కొంచెం తినేస్తుందని తెలిసి మా ఆయన సణిగాడు. కాపలా కాస్తున్నందుకు ఆ మాత్రం తిననీ అన్నాను.

సాగనంపే రోజు పొద్దున్నే రెండు బండ్లు కట్టారు. ముందు బండిలో పెళ్లికూతురు భీమమ్మ, వెనక బండిలో నేనూ, నా సెట్టూ, బ్యాటరీ, బూర లాంటి హారనూ. మైకు బుగ్గమ్మ చేతిలో పెట్టాను. ఆమె బండి పక్కన నడుస్తూ పాడుతుంటే ఊరు ఊరంతా వాకిళ్లలోకి వచ్చింది. ఏం గొంతమ్మా అది! ఇన్నాళ్లూ గొర్ల వెనక అరిచి అరిచి దాచుకున్న గొంతు.

హనుమంతుడి గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టడానికి ఆగారు. సెట్టు ఆపేసి నేనూ దిగాను. దండం పెట్టుకుని తిరిగి వచ్చేసరికి నా బండి చక్రం పక్కన ఈరయ్య బీడీ కాలుస్తున్నాడు. నన్ను చూసి, ఏమీ ఎరగనట్టు పటేలు వీధిలోకి నడిచిపోయాడు.

మేమూ ఆ వీధిలోకే తిరిగాం. పటేలు అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను స్విచ్చి వేశాను. బుగ్గమ్మ పాట ఎత్తుకుంది. హారన్ నుంచి చప్పుడు లేదు. ఆమె గొంతు ఒక్కటే సన్నగా వినబడి ఆగిపోయింది.

డప్పుల వాళ్ల చేతులు వాటంతట అవే ఆగిపోయాయి. మగవాళ్లు చెప్పుల కోసం వంగుతున్నారు. బిచ్చయ్య కూడా వంగాడు. ముందు బండిలో నుంచి భీమమ్మ, పందొమ్మిదేళ్ల పిల్ల, ఎవరూ చెప్పకుండానే ఒక కాలు కిందికి పెట్టబోయింది.

"చెప్పిన కదమ్మా, నాజూకు సామాన్లని," అన్నాడు ఈరయ్య అరుగు మెట్ల మీద నుంచి.

అయిపోయింది, కాల్చేశారు అనుకున్నాను. కానీ ముక్కుకు వాసన రాలేదు. ఆ కమురు వాసన ఒక్కసారి పీల్చినవాళ్లు మర్చిపోరు. సెట్టు ముందు ఉండే చిన్న బల్బు కూడా వెలగలేదు. అంటే కరెంటు అసలు లోపలికే పోలేదు. వంగి బ్యాటరీ చూశాను. ఎర్ర తీగ మైనసు మీద ఉంది, నల్లది ప్లస్సు మీద. గుడి దగ్గర మార్చాడు, దొంగ ముండాకొడుకు. నా తలుపు మాత్రం తెరుచుకోలేదు.

తీగలు పీకి సరిచేశాను. బల్బు వెలిగింది. హారన్ గుయ్యిమంది. బుగ్గమ్మ చేతిలోని మైకు లాక్కుని ఊరంతా వినేటట్టు అన్నాను.

"భీమమ్మా, కాలు లోపల పెట్టుకో బిడ్డా. ఈరయ్యా, లారీ బ్యాటరీ నీకెరుకే. డయోడే ఎరుక లేదు."

ఎవరో ఫక్కున నవ్వారు. పటేలు ఈరయ్య వైపు చూశాడు, ఈరయ్య నేల చూపులు చూశాడు. బుగ్గమ్మ నా చేతిలో నుంచి మైకు తీసుకుంది. బండి తోలేవాడు ఎద్దులను అదిలించబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆపు. పాట అయ్యేదాక గీడ నుంచి కదలొద్దు."

పటేలు గడప ఎదురుగా నిలబడి మొదటి చరణం నుంచి మళ్లీ ఎత్తుకుంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, గొంతు మాత్రం వణకలేదు. పాట ముగిసేదాకా పటేలు కుర్చీలోనే ఉన్నాడు. లేస్తే ఓడినట్టు, కూర్చుంటే వినాలి. విన్నాడు.

పాట అయ్యాక ఆమె మైకు నాకిచ్చి కూతురి బండి దగ్గరకు పోయింది. బిచ్చయ్య ఏమిటన్నట్టు చూశాడు.

"నన్ను గీడనే దించిన్రు," అంది. "గీడనే ఎక్కుత."

చక్రం మీద కాలు వేసి ఎక్కి, భీమమ్మ పక్కన నిటారుగా కూర్చుంది. అప్పుడు డప్పు మళ్లీ మోగింది. వంగిన మగవాళ్లు లేచి నడిచారు, చెప్పులు కాళ్లకే ఉన్నాయి.