యాభై మూడు రోజుల ఖాళీ

లారీ తొమ్మిదిన్నరకే వచ్చేసింది. దాని మీద ఇనప బోను, బోను పక్కన మోకులు, ముందు సీట్లో ఆవలిస్తున్న డ్రైవరు. మా జూలో ఉన్న ఒకే ఒక్క నీటిగుర్రం బుజ్జమ్మని పదకొండింటికి అందులోకి ఎక్కించి, నాలుగొందల కిలోమీటర్ల అవతల ఉన్న ఇంకో జూకి పంపేస్తారట. కారణం, బరువు తగ్గిపోయింది. ముద్దాయి, మా బావ.

బావ అంటే మా అక్క మొగుడు. పదకొండేళ్లుగా బుజ్జమ్మకి మేత వేసేదీ, గోళ్లు చూసేదీ, కొలను కడిగేదీ ఆయనే. బుజ్జమ్మ పోతే ఆయన్ని టికెట్ల గేటు దగ్గర నిలబెడతారు. మనుషుల్ని లోపలికి పంపే పని. మనుషులంటే ఆయనకి పడదు.

ఫోన్ మోగింది. అక్క.

"ఏమే, పొద్దున కాఫీ కూడా ముట్టుకోకుండా పోయాడే మనిషి! ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునేది నువ్వే కదా, ఏం పీకుతున్నావ్ అక్కడ?"

ఏం పీకానో అక్కకి చెప్పే ధైర్యం లేదు. తేదీలు పీకాను.

నిన్న సాయంత్రం ఐదింటికి డిప్యూటీ డైరెక్టర్ గారు మీసం దువ్వుకుంటూ వచ్చి, బుజ్జమ్మ బరువు ఎలా మారిందో ఒక గ్రాఫు గీసిమ్మన్నాడు. ఈ ఏడాది మొత్తం నలభై ఎనిమిది తూకాలు. గీశాను. కింద గీత మీద నలభై ఎనిమిది తేదీలూ ఒకదాని మీద ఒకటి పడి, బెల్లం ముక్కకి పట్టిన చీమల్లా కనిపించాయి. ఒక్కటీ చదవడానికి రాలేదు. బస్సు టైమయింది. తేదీలన్నీ తీసేసి ఒకటి, రెండు, మూడు అంటూ నలభై ఎనిమిది దాకా వరస నంబర్లు పెట్టేశాను. ముచ్చటగా వచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయి ఇంటికెళ్లాను.

ఇప్పుడు ఆ కాగితం డైరెక్టర్ మేడమ్ బల్ల మీద ఉంది. మేడమ్ వచ్చి వారమే అయింది. ఆవిడకి బావ తెలీదు, డిప్యూటీ తెలీదు, బుజ్జమ్మ కూడా సరిగ్గా తెలీదు. తెలిసింది ఆ కాగితం ఒక్కటే.

"ఇరవై నాలుగో తూకం పద్నాలుగు వందల యాభై రెండు కిలోలు," అంది మేడమ్. "ఇరవై ఐదోది పదమూడు వందల పద్దెనిమిది. ఇరవై ఐదు నుంచీ చూసింది మీరేనా?"

"నేనే మేడమ్," అన్నాడు బావ. "కానీ మధ్యలో నా కాలు విరిగింది. ఏడు వారాలకి పైగా మంచం మీదే ఉన్నాను. అప్పుడు బుజ్జమ్మ డిప్యూటీ గారి చేతిలో ఉంది."

"ఆ ఏడు వారాలు ఇందులో ఏవి? ఇరవై నాలుగు పక్కనే ఇరవై ఐదుంది. మధ్యలో చీమ దూరే సందు కూడా లేదు."

డిప్యూటీ గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఈయన మేత మొదలెట్టిన వెంటనే దబ్బున పడిపోయింది. ఆ తరవాత సగం గ్రాఫు అడుగునే పడి ఉంది. పాపం, మూగజీవం."

గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటున్నాను. మామూలు రోజుల్లో బావ వారానికోసారి తూకం వేస్తాడు. మంచం దిగొచ్చాక బుజ్జమ్మ చిక్కిపోయిందని కంగారుపడి రోజూ వేశాడు. ఆ ఇరవై నాలుగు రోజులకి నా గ్రాఫులో ఇరవై నాలుగు వారాలంత చోటు దొరికింది. ఆయన ఎంత ఎక్కువ పట్టించుకుంటే నేరం అంత పొడుగు సాగింది. బుజ్జమ్మని ఎవరూ చూడని రోజులకేమో అసలు చోటే లేదు.

"మేడమ్, తేదీలతో గీసిస్తాను. అరగంట," అన్నాను.

మేడమ్ కిటికీలోంచి లారీ వైపు చూసింది. "పదకొండు లోపు. నేను నమ్మేది కాగితాన్నే."

పరిగెత్తాను. వరస నంబర్లు పీకి తేదీలు పెట్టాను. ఈసారి అవి ఉత్త అక్షరాలు కావనీ, కాలెండరు ప్రకారం దూరాలు కొలవాలనీ కంప్యూటరుకి చెప్పాను. ప్రింటు తీసి, చూసుకోకుండా పట్టుకెళ్లాను. అది నా రెండో ఘనకార్యం.

డిప్యూటీ కాగితం లాక్కుని చదివాడు. మీసం కింద పళ్లన్నీ బయటపడ్డాయి.

"మేడమ్, ఇవాళ సెప్టెంబరు రెండు. బుజ్జమ్మ డిసెంబరు ఎనిమిదిన తూకానికి వచ్చిందట! బరువు తగ్గితే తగ్గింది కానీ జ్యోతిషం బాగా వచ్చింది దానికి."

మేడమ్ కూడా నవ్వింది. బావ మాత్రం నవ్వలేదు. గుమ్మం దాకా వచ్చి నా చెవిలో అన్నాడు.

"మరదలా, నీకు దణ్ణం పెడతాను. నన్ను కాపాడటం ఆపెయ్."

పది నలభై. బయట డ్రైవరు బోను తలుపు కింద చెక్కలు వాలుగా సర్దుతున్నాడు.

మళ్లీ కుర్చీలో కూలబడ్డాను. డిసెంబరు ఎనిమిది ఎక్కడిది? లిస్టులో చూస్తే 8/12 అని ఉంది. దాని పైన 8/11, 8/10, 8/9. కింద 8/13, 8/14. పదమూడో నెల ఎక్కడుంది నా మొహం! జూన్ దాకా బావ నోట్‌బుక్‌లో రాసుకున్నాడు, రోజు ముందు, నెల వెనక. ఆగస్టులో కొత్త ట్యాబు ఇచ్చారు. అది నెల ముందు రాస్తుంది, రోజు వెనక. నేను రెండింటినీ కలిపి ఒకే కుండలో పోశాను. కంప్యూటరు ఆగస్టు పన్నెండుని డిసెంబరు ఎనిమిది చేసింది. పన్నెండు దాటినవి దానికి అర్థంకాక గ్రాఫులోంచి గెంటేసింది.

ట్యాబు తేదీలు ఒక్కొక్కటీ తిరగేశాను. ఇరవై నాలుగు. అడుగు గీత మీద ప్రతి తేదీ కాకుండా నెలకో గుర్తు పెట్టాను. జనవరి, ఫిబ్రవరి, మార్చి... చీమలు మాయం. తూకం వేసిన ప్రతిచోటా ఒక చుక్క పెట్టి, ముప్ఫై రోజులు దాటి తూకం లేని చోట గీతని తెంచేశాను.

ప్రింటరు కాగితాన్ని కక్కుతుంటే వేలితో లాగాను. ఈసారి చూసుకున్నాను. రెండుసార్లు చూసుకున్నాను.

పదకొండుకి నాలుగు నిమిషాలుండగా ఆ కాగితం మేడమ్ ముందు పెట్టాను.

జనవరి నుంచి జూన్ పదిహేడు దాకా వారం వారం చుక్కలు, అన్నీ ఒకే ఎత్తులో. తరవాత తెల్లటి ఖాళీ. ఆగస్టు తొమ్మిది దాకా ఏమీ లేదు. ఆ ఖాళీకి అవతల, బాగా కింద, చుక్కలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ నిచ్చెన ఎక్కుతున్నట్టు పైకి లేచాయి.

"ఇవి ఈయన చేతిలో పడ్డాయా, లేచాయా?" అంది మేడమ్.

డిప్యూటీ మీసం దువ్వుకున్నాడు.

"ఈ ఖాళీలో తూకం ఎందుకు లేదు?"

"అది... మెషిను పాడైంది మేడమ్."

"ఎవరు బాగుచేశారు?"

"దానంతట అదే..."

"దానికి ఏ రోగమూ లేదు మేడమ్," అన్నాడు బావ. "ఆగస్టు తొమ్మిదిన నేను వచ్చేసరికి దాని మీద ఎండుగడ్డి మోపులు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. దింపేసరికి నడుం పడిపోయింది."

"ఎవరి గడ్డి?"

"బుజ్జమ్మదే. వెయ్యకుండా మిగిల్చిన రాత్రి మేత."

మేడమ్ లేచి కిటికీ తెరిచింది.

"డ్రైవర్ గారూ! ఆ చెక్కలు తీసెయ్యండి. ఎక్కేవాళ్లెవరూ లేరు." తరవాత డిప్యూటీ వైపు తిరిగింది. "మీరు కూర్చోండి. మనం ఇప్పుడు ఒక్కొక్క రోజు చొప్పున యాభై మూడు రోజుల గురించి మాట్లాడుకుందాం."

మేం బయటికొచ్చాం. లారీ ఖాళీ బోనుతో గడగడలాడుతూ గేటు దాటింది. బావ మెట్ల మీద కూలబడి మొహం రెండు చేతులతో రుద్దుకున్నాడు. కళ్లు కూడా తుడుచుకున్నాడనుకుంటాను, చూడనట్టు నటించాను.

"గొప్పదానివే మరదలా," అన్నాడు. "అది సరే, ఆ మొదటి గ్రాఫు గీసిన గాడిదెవరు?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. డిప్యూటీ మీదకి తోసేస్తే ఎవరూ అడగరు.

"నేనే బావా. తేదీలు గజిబిజిగా ఉన్నాయని తీసేశాను."

తిడతాడనుకున్నాను. తిట్టుంటే బాగుండేది.

"రేపటి నుంచి ఆరింటికి రా. తూకం నువ్వే రాద్దువు గాని."

"ఎన్నాళ్లు?"

"యాభై మూడు రోజులు."

మర్నాడు ఆరింటికి వెళ్లాను. నీటిగుర్రం పేడ వేసేటప్పుడు తోకని ఫ్యానులా తిప్పుతుందని నాకెవరూ చెప్పలేదు. బావకి తెలుసు. అందుకే స్తంభం చాటున నిలబడ్డాడు. జుట్టు నుంచి చెప్పుల దాకా పచ్చగా తయారై, కళ్లజోడు కొంగుతో తుడుచుకుని, ట్యాబు పక్కన పెట్టి నోట్‌బుక్‌లో రాశాను. సెప్టెంబరు మూడు. నెల పేరు అక్షరాల్లో, పూర్తిగా. పదమూడు వందల డెబ్భై.

"నాలుగు కిలోలు పెరిగింది బావా!"

"పేడ వెయ్యకముందు ఇంకా ఎక్కువే," అన్నాడు స్తంభం వెనకనుంచి. "మిగతాది నీ మీద ఉంది."