సుబ్బులమ్మ మేపిన రష్యా గొర్రె

తెల్లారి మందను తోలేటప్పుడు సుబ్బులమ్మ గోడమీది పటం వైపు తిరిగి "రావే, పొద్దెక్కింది" అనేది. పటంలోని గొర్రె మంచుపొలం దిగి వచ్చి, మంద చివర చేరేది. పందొమ్మిదో శతాబ్దపు రష్యా చిత్రకారుడెవరో, పెద్ద బొమ్మ వేసేముందు సాధనగా నూనెరంగులతో వేసుకున్న పటం అది. ఏం తొందరొచ్చిందో, ఆ మహానుభావుడు మూడు కాళ్ళు వేసి నాలుగోది వదిలేశాడు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ మూసేస్తూ షావుకారు దాన్ని అక్కడ పనిచేసిన సుబ్బులమ్మ మొగుడు లింగయ్యకు ఇచ్చాడు. లింగయ్య పోయాక ఆమెకు ఆ గొర్రే తోడు. అదీ కుంటేది, మోకాలు అరిగిన సుబ్బులమ్మా కుంటేది. ఇద్దరూ మంద వెనకాలే నడిచేవాళ్ళు.

ఈ ఏడు మోకాలు పూర్తిగా మొరాయించింది.

"ఆపరేషనన్నా చేయించుకో, లేకుంటే మందనన్నా అమ్మేద్దాం. ఇట్ల ఎన్నాళ్ళమ్మా?" అన్నాడు కొడుకు కొండయ్య. ఆపరేషను డబ్బుకోసం వెతుకుతూ, ఇలాంటి పాత పటాలకు వేలంపాటలో మంచి ధర పలుకుతుందని ఫోనులో చూశాడు.

మంద లేకుండా సుబ్బులమ్మ బతకలేదు. ఏడ్చి ఏడ్చి పటం అమ్మడానికి ఒప్పుకుంది.

వేలం కంపెనీ నుంచి ఉమ అనే అమ్మాయి మిట్టమధ్యాహ్నం కారులో వచ్చింది. పటంలో మంచు తప్ప ఏమీ లేదు.

"గొర్రె ఏది పెద్దమ్మా?"

"కొండయ్యతో మేతకు పోయినాది పాపా. పొద్దుగూకితే వస్తాది. మజ్జిగ తాగు."

ఉమ మజ్జిగ తాగి కూర్చుంది. సాయంత్రం గొర్రె పటంలోకి ఎక్కాక దుప్పటి చుట్టి తీసుకుపోయింది.

బొంబాయి ఆయనెవరో దాన్ని వేలంలో పాడుకున్నాడు. ఆ డబ్బుతో ఒంగోలులో ఆపరేషన్ అయింది. నడక వచ్చాక సుబ్బులమ్మ కర్ర పట్టుకుని మళ్ళీ మంద వెంట బయల్దేరింది. పక్కన చోటు ఖాళీగా ఉంది. ఊరు దాటేసరికి వెనక తెలిసిన కుంటినడక చప్పుడు.

"వచ్చినావా నా తల్లీ!" అని దాని మెడ కావలించుకుంది.

వారం తిరక్కుండా ఉమ ఫోను చేసింది.

"పెద్దమ్మా, కొన్నాయన అడుగుతున్నారు. పగలంతా పటం ఖాళీ అట. సాయంత్రం ఒళ్ళంతా పల్లేరుకాయలతో వస్తోందట. మీ దగ్గరికేనా?"

"మంద ఈడుంటే అది యాడికి పోతాది? గొర్రె ఆయనదే. మేపేది నేను."

"మరి మేపినందుకు కూలి ఏమివ్వమంటారు?"

సుబ్బులమ్మ కొత్త మోకాలు నిమురుకుంది. ఈ కాలు ఇచ్చింది గొర్రే కదా అనుకుంది.

"ఆ నాలుగో కాలు వేయించమను పాపా."

కొన్నాళ్ళకు ఒక పొద్దున, గొర్రె మందనంతా దాటుకుని ముందుకు దూకింది. కొత్త కాలు ఇంకా నూనెరంగు వాసన వేస్తోంది.

"ఓసి నీ దుంపతెగ, ఆగవే!" అంటూ సుబ్బులమ్మ కర్ర పారేసి దాని వెంట పరిగెత్తింది.