కల్లం మీద ఆదివారం

మా సంఘంలో ఆడవాళ్ళం అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. దేవుని పిడికెడు అంటాం. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో పస్తున్న పూట బియ్యం కూడా ఆ డబ్బాలోకే పోతాయి. అందరి డబ్బాలూ చర్చిలో ఒక సంచిలో కలిపి, ఇబ్బందుల్లో ఉన్న ఇంటికి మోసుకుపోయి, ప్రార్థన చేసి ఇచ్చివస్తాం. సన్నవి, దొడ్డువి, పాతవి, కొత్తవి అన్నీ ఆ సంచిలోనే.

ఆ శనివారం సంచి సుక్కి ఇంటికి పోయింది. సుక్కిది మా ఊరి పక్క తండా. వాళ్ళ చేనుకూ మా చేనుకూ మధ్య ఒక్క గట్టే అడ్డం. ఆమె భర్త హీర్యా ట్రాక్టరు మీది నుంచి పడి, తుంటికి ఆపరేషనై, మంచంలో ఉన్నాడు. సంచిని వాకిట్లో పెట్టి చుట్టూ నిలబడి కళ్ళు మూసుకున్నాం. ప్రార్థన చేసేది విజయ. మొదలుపెడితే ఆమెకు ఆపడం రాదు. నేను మధ్యలో కళ్ళు తెరిచాను. సుక్కి చేతులు జోడించే ఉంది గాని చూపు మా మీద లేదు. మా తలల మీదుగా పడమట లేస్తున్న మబ్బును చూస్తోంది.

ఆమెన్ అన్నాక విజయ అడిగింది. "ఇంకేమన్న అక్కెరుంటే చెప్పక్కా. మొహమాట పడకు."

"బియ్యమైతే ఇస్తిరి, మంచిగనే ఉన్నది. రేపు పగటి పూట ఇద్దరు మనుషులు దొరికితే సాలు. కల్లంల మిర్చి కుప్ప చెయ్యాలె. మొగులు పడుతున్నది."

"ఇయ్యాల్నే చేద్దాం పా" అన్నాను.

"ఇయ్యాళ పచ్చి ఉన్నది ముత్తక్కా. ఇంకొక్క ఎండ తాకాలె. ఇప్పుడు కుప్ప పోస్తే బూజు పడ్తది."

విజయ నా వైపు చూసింది. "రేపు ఆదివారం గద అక్కా. సోమవారం అందరం వస్తం."

"మొగులుకు ఆదివారం ఎర్కనా?" అని సుక్కి నవ్వింది. నవ్వింది గాని కొంగుతో ముఖం తుడుచుకుంది. చేతులకు మిరప ఘాటు ఉందేమో, కళ్ళు ఎర్రబడ్డాయి.

నాకు తెలుసు, ఆమె కష్టం ఎక్కడుందో. మా దగ్గర మిర్చి ఏరేటప్పుడు బదులు పోతాం. ఒకరోజు నేను నీ చేనుకు వస్తే, ఇంకోరోజు నువ్వు నా చేనుకు రావాలి. ఈ ఏడు సుక్కి దవాఖాన చుట్టూ తిరిగి ఎవరి చేనుకూ పోలేదు. కాబట్టి ఆమెను పిలిచేవాళ్ళూ లేరు, ఆమె పిలవగలిగేవాళ్ళూ లేరు. తండా వాళ్ళందరి కల్లాలూ అదే మొగులు కిందే ఉన్నాయి. సుక్కి మిర్చి తడిసి తెల్లబడితే ఆ ఇంటికి ఈ ఏడాది లేనట్టే.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాను. పౌలుతో, అంటే మా ఆయనతో, చెప్పాను.

"పాస్టరయ్యగారిని అడుగు" అన్నాడు.

"అడిగితే ఏమంటడు?"

"ఏమంటడో నీకే ఎర్క. గందుకే అడుగుత లేవు."

ఆదివారం తెల్లచీర కట్టుకుని వెళ్ళి చాప మీద కూర్చున్నాను. అవతల మగవాళ్ళ వైపు పౌలు డోలక్ ముందు పెట్టుకున్నాడు. అయ్యగారు వాక్యం చెబుతున్నారు. నా చెవులు మాత్రం కిటికీ దగ్గరే ఉన్నాయి. వెలుతురు తగ్గింది. గాలి లేచి, బయట విడిచిన చెప్పుల్లో ఒకటి రెండు దొర్లిన చప్పుడైంది. మనసును లాక్కొచ్చి వాక్యం మీద పెడతాను, అది మళ్ళీ కల్లం మీదికే పోతుంది. ఇది సైతాను పనా, దేవుని పనా అని కూడా అనుకున్నాను. రెండూ ఒకే గొంతుతో మాట్లాడితే మనిషి ఏం చేయాలి?

అంతలో అయ్యగారు అవసరంలో ఉన్నవాళ్ళ కోసం ప్రార్థన మొదలుపెట్టారు. హీర్యా పేరు తీశారు. ఆ కుటుంబాన్ని ఆదుకో ప్రభువా, వాళ్ళ పంటను కాపాడు ప్రభువా అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నాకు నోరు రాలేదు. దూరంగా ఉరిమింది.

లేచాను. కానుక సంచి ఇంకా తిప్పలేదు, ఎవరూ లేచే వేళ కాదు. మోకాళ్ళు తగిలించుకుంటూ, తప్పుకోండి తప్పుకోండి అనుకుంటూ బయటపడ్డాను. అయ్యగారి గొంతు ఒక్క క్షణం ఆగింది. పౌలు తల ఎత్తి నన్ను చూసి, మళ్ళీ దించుకున్నాడు.

గట్టు వెంబడి ఉరికాను. కల్లంలో సుక్కి ఒక్కతే ఉంది. చెక్కతో మిర్చిని కుప్పకు లాగుతోంది. నాలుగో వంతు కూడా కాలేదు.

"ఏంది ముత్తక్కా, చర్చి ఒడ్సిందా?"

"ఒడ్వలే. గంపెక్కడున్నది?"

ఆమె లాగడం ఆపింది. "బదులుకే వచ్చినవా?"

తొందరలో నోటికొచ్చింది అనేశాను. "బదులెందుకే, సంఘం తరపున అనుకో. నువ్వేం మళ్ళ రానక్కెర లేదు."

సుక్కి చెక్కను కింద పడేసింది.

"సంఘందైతే వద్దు. పో, పోయి పార్థన చేస్కో."

"వాన వస్తున్నదే పిచ్చిదానా!"

"రానీ. నిన్న బియ్యమిచ్చిండ్రు, వద్దనలే. పిల్లలున్నరు, మంచంల మనిషున్నడు. పని గూడ పుణ్యానికే చేస్తే, రేపు గట్టు మీద నేను నీ ఎంట ఎట్ల నడువాలె? ఎనకెనక నడువాల్నా?"

గాలికి మిరప తొడిమలు లేచి కళ్ళలో పడుతున్నాయి. ఆమె నిజంగానే కదలలేదు. తన ఏడాదంతా కాళ్ళ ముందు ఆరబోసి ఉంటే చేతులు కట్టుకుని నిలబడింది. నాకు అప్పుడు కోపమే వచ్చింది. తర్వాత భయం వేసింది.

"బదులే" అన్నాను. "బుధవారం మా చేన్ల రెండో ఏరుడు. నువ్వు రావాలె. రాకపోతే చూడు మరి."

"హీర్యాను ఎవలు చూస్తరు?"

"పౌలు కూసుంటడు."

"తాగకుండనా?"

"శ్రమల దినాలు. ముట్టడు."

సుక్కి వంగి చెక్క తీసుకుంది. ఇద్దరం మొదలుపెట్టాం. చర్చి మైకులో పాట వినిపిస్తోంది, దాని కింద పౌలు డోలక్ దరువు. గంపలు నింపుతూ, కుప్ప మీద పోస్తూ, నాకు తెలియకుండానే ఆ దరువుకే నడుస్తున్నాను. రెండో చరణం మధ్యలో డోలక్ ఆగిపోయింది. పాట మాత్రం తడబడుతూ సాగింది.

"మీ ఆయన వస్తున్నడు" అంది సుక్కి.

పౌలు వచ్చాడు. అతని వెనక విజయ వచ్చింది, బైబిలును కవర్లో చుట్టి చంకలో పెట్టుకుని, రొప్పుతూ. "అయ్యగారికి కోపమొచ్చింది" అంటూనే టార్పాలిన్ పరదా ఒక కొస పట్టుకుంది. ఇంకెవరూ రాలేదు. చినుకులు మొదలయ్యేసరికి మూడు వంతులు కుప్పకెక్కింది. పరదా కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టాం. తూర్పు వైపు మిర్చి మా కళ్ళముందే తడిసింది. సుక్కి దాని వైపు ఒకసారి చూసి, మళ్ళీ చూడలేదు.

ఆ సాయంత్రం మోకాళ్ళ మీద కూర్చుంటే, క్షమించమని అడగాలో, స్తోత్రం చెప్పాలో తెలియలేదు. అయ్యగారు ఇప్పటికీ నాతో ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని ఉంటుంది.

బుధవారం పొద్దు పొడవకముందే సుక్కి మా చేనులో ఉంది. పౌలు డోలక్ తీసుకుని వాళ్ళింటికి పోయాడు. మధ్యాహ్నం గట్టు మీద టిఫిన్లు విప్పాం. ఆమె డబ్బాలోది మేమిచ్చిన బియ్యమే, చూడగానే పోల్చుకున్నాను. ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. సగం మెతుకులు మెత్తగా చిదిమిపోయాయి, సగం పలుకుగా పంటికి తగిలాయి. ఇన్నేళ్ళు ఆ సంచి మోశాను గాని ఆ అన్నం ఎప్పుడూ తినలేదు.

"ఒక్కతీరు ఉడుకయి" అంది సుక్కి. "సన్నయి ఓ దిక్కు, దొడ్డుయి ఓ దిక్కు పెట్టొచ్చు గద మీరు."

"పెడ్తం. హీర్యా ఏమన్న అన్నడా, పౌలు వస్తడంటే?"

"పాటలు పాడి సంపుతడేమో అన్నడు. ఇగ లే, తిన్నది సాలు."

లేచి తన సాలు పట్టుకుంది. నేను కొంగు బిగించుకునేలోపే పది చెట్లు ముందుకు పోయి, వెనక్కి తిరిగి అరిచింది.

"ముత్తక్కా, ఎనకబడ్డవ్! గిట్లయితే బదులు చెల్లది!"