మంగాయమ్మ కన్ను

నేను ఒక మాక్రో లెన్సును. దూరపు కొండలు చూడలేనని కాదు, నన్ను చేసింది మాత్రం దగ్గరికి వెళ్ళడానికి. ఏ దేశపు కార్ఖానాలోనో గాజును అరగదీసి, నల్లటి గొట్టంలో బిగించి పంపారు. రామచంద్రపురంలో ఫోటో స్టూడియో గోవిందరాజులు చేతికి వచ్చాకే నాకు చూపు వచ్చిందనాలి.

పెళ్ళిళ్ళలో ఉంగరాలూ పారాణి గీతలూ తీయడానికని కొన్నాడు. ముహూర్తాలు లేని రోజుల్లో ఇంటిమీద పడేవాడు. దోసె మీది చిల్లులు, కరివేపాకు మీది నీటిచుక్క, పంచదార పలుకు మోస్తున్న చీమ. నన్ను జానెడు దూరానికి జరిపి, చెయ్యి వణకకుండా ఊపిరి బిగబట్టేవాడు. మనుషులు ఒకరినొకరు అంత దగ్గరగా చూసుకోవడం నేనెక్కడా ఎరగను. చీమలకు మాత్రం ఆ యోగం ఉంది.

"చీమకున్నపాటి అందం నాకు లేదు కాబోలు" అని ఒక ఉదయం ఆయన భార్య మంగాయమ్మ దెప్పింది.

రమ్మన్నాడు. ఆమె పట్టుచీర కట్టి, పౌడరు రాసుకుని, కనకాంబరాలు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. ఆయన నన్ను స్టాండుమీద బిగించి, ఆమె ముఖం దగ్గరికి జరిపి, ఒక్క కన్ను తీశాడు. కంప్యూటరులో చూసి ఆమె మండిపడింది. ఇంత ముస్తాబూ ఒంటికంటి కోసమా అని రెండు పూటలు మాట్లాడలేదు.

ఆ శ్రావణంలో గోవిందరాజులు గుండె ఆగి పోయాడు. పెద్దకర్మనాటికి గోడకు ఫోటో కావాలి. ఊరందరినీ తీసిన మనిషికి తనదంటూ ఒక మంచి ఫోటో లేదు. ఎవరైనా ఫోను ఎత్తితే, ఇటివ్వండి నేను తీస్తానని లాక్కునేవాడు. ఆధార్ కార్డులోని ముఖం మంగాయమ్మకు ఎవరో పరాయివాడిలా తోచింది. పెళ్ళి ఫోటోలో సగం కత్తిరిద్దామంటే ఒప్పుకోలేదు, ఆ రెండో సగం తనే. కూతురు సుభాషిణిని కూర్చోబెట్టి కంప్యూటరంతా వెతికించింది. ఉంగరాలు, చీమలు, పెళ్ళికూతుళ్ళు. చివరికి తన కన్ను వచ్చింది. సుభాషిణి దాటేయబోతే ఆపింది.

"పెద్దది చెయ్యమ్మా. ఇంకా."

నల్లపాపలో, స్టాండు పక్కనుంచి తల వంచి, రెప్ప వేయొద్దని నవ్వుతూ చెబుతున్నాడు ఆయన. ఆవగింజంత. ఇంకా పెద్దది చేస్తే చుక్కలుగా చెదిరిపోతున్నాడు. అందుకని కన్ను మొత్తం అచ్చువేయించి పటం కట్టించింది.

పెద్దకర్మరోజు తోడికోడలు రత్తాలు చామంతి దండ తెచ్చి, పటం ముందు ఆగిపోయింది.

"ఇది నీ కన్ను కదక్కా. బతికున్న మనిషి బొమ్మకి దండేత్తారా ఎక్కడన్నా?"

మంగాయమ్మ పటంకేసి తిరిగింది.

"ఎయ్యకూడదా?"

"కూడదు."

"అయితే ఆయనకీ ఎయ్యక్కర్లేదు."

రత్తాలు దండను తెచ్చిన సంచిలోనే పెట్టేసింది.

నేనిప్పుడు ఆ గోడకెదురుగా అద్దాల బీరువాలో ఉన్నాను. రోజూ దీపం పెట్టాక మంగాయమ్మ పటం దగ్గరికి వస్తుంది. బాగా దగ్గరికెళితే పటం అద్దంలో తన ముఖమే పడి ఆయన్ని కప్పేస్తుంది. వెనక్కి జరిగితే ఆయన కంటికి ఆనడు. ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి వేస్తూ, ఎక్కడ నిలబడాలో ఆమె ఇంకా వెతుక్కుంటూనే ఉంది.